ఉగ్రవాద నిరోధం – పాలకుల వినయం

శత్రుసైన్యం ఒక దేశంపై దండెత్తినప్పుడు అది కోరేది ఆ దేశపు భూమి. దొంగ ఒక ఇల్లు దోచినప్పుడు అతడు కోరేది ధనం. ఉగ్రవాది రైలులోనో, అంగడిలోనో, ప్రార్థనామందిరంలోనో బాంబు పెట్టినప్పుడు మాత్రం అతడు కోరేది ఈ రెండూ కాదు. అక్కడ మరణించేవారెవరో అతడికి తెలియదు. తెలిసికొనవలసిన అవసరమూ లేదు. చనిపోయినవారిని చూపి బ్రతికి ఉన్నవారిని బెదరించడం అతడి పని. “మిమ్ములను మీ ప్రభుత్వం కాపాడలేదు” అన్న ఒక్క మాటను ప్రతి ఇంటి గడపకూ చేర్చడం అతడి ప్రయోజనం. ప్రజలకు తమ పాలకులపైనా, తమ ఇరుగుపొరుగులపైనా ఉన్న నమ్మకం సడలిననాడు అతడు తలపెట్టిన కార్యం నెరవేరినట్లే.

కనుక ఉగ్రవాదాన్ని ఎదుర్కొనే ప్రభుత్వానికి ఆయుధబలం ఎంత అవసరమో, ప్రజల నమ్మకమూ అంతే అవసరం. ఆయుధాలను కొనవచ్చును, నమ్మకాన్ని కొనలేము. పాలకులు నిజం చెప్పినప్పుడు అది పెరుగుతుంది. నిజం దాచినప్పుడు తరుగుతుంది. ఈ ప్రసంగంలో నేను మనవి చేయదలచిన విషయం ఇదే. పాలకుడు తన లోపాన్ని తానే ఒప్పుకొని ప్రజలకు లెక్క చెప్పడం ఉగ్రవాదంపై సాగే పోరాటానికి అడ్డంకి కాదు. ఆ పోరాటంలో అది ఒక ప్రధానమైన అంగం.

ఈ భావం మనకు పరదేశాల నుండి వచ్చినది కాదు. మన ధర్మశాస్త్రకారులు పన్నును రక్షణకు ప్రజలిచ్చే వేతనంగా పరిగణించినారు. ప్రజలను రక్షింపని రాజు వారి పాపంలో ఆరవ పాలు పంచుకొనవలసి వస్తుందని మనుస్మృతి హెచ్చరించినది. కౌటిల్యుడు ఇంకొక అడుగు ముందుకు వేసినాడు. దొంగలు ఎత్తుకొనిపోయిన సొత్తును పట్టి తేలేకపోయిన రాజు, తన సొంత ద్రవ్యం నుండి ఆ నష్టాన్ని పూరింపవలెనని అర్థశాస్త్రంలో విధించినాడు. దొంగతనం చేసినవాడు దొంగయే. అందులో సందేహం లేదు. అయినను, కాపలాకు జీతం తీసుకొన్నవాడు చెప్పవలసిన లెక్క వేరే ఉన్నదని మన పూర్వులు గుర్తించినారు.

స్వతంత్ర భారతంలో ఈ ధర్మానికి అందరూ చెప్పుకొనే ఉదాహరణ లాల్ బహదూర్ శాస్త్రిగారిది. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ సమీపంలో రైలు ప్రమాదం జరిగి నూరుమందికి పైగా మరణించినప్పుడు, రైల్వే మంత్రిగా ఉన్న శాస్త్రిగారు రాజీనామా ఇచ్చినారు. నెహ్రూగారు దానిని అంగీకరింపలేదు. రెండు నెలలు తిరిగేసరికి తమిళనాట అరియలూరు వద్ద ఇంకొక ఘోర ప్రమాదం జరిగినది. శాస్త్రిగారు మరల రాజీనామా ఇచ్చినారు. ఈసారి అది అంగీకృతమైనది. ఈ ప్రమాదానికి శాస్త్రిగారు కారకులని కాదు, రాజ్యాంగ మర్యాదకు ఒక ఒరవడి ఏర్పడవలెనని తాను అంగీకరిస్తున్నానని నెహ్రూగారు పార్లమెంటులో చెప్పినారు.

రైలు ప్రమాదంలో శత్రువు లేడు. ఉగ్రవాద చర్యలో శత్రువు ఉన్నాడు. ఈ భేదమే పాలకులకు ఒక నీడగా ఉపయోగపడుతున్నది. “నేరం చేసినవాడు వాడు, మమ్ములను అడుగుతారేమి?” అనడం సులభం. నేరం వాడిదే. కాని వాడి రాకను గురించి ముందుగా తెలిసినదా, తెలిసిన సంగతి చేరవలసినవారికి చేరినదా, చేరినపిమ్మట ఎవరు ఏమి చేసినారు అన్న ప్రశ్నలు హంతకుడిని అడిగేవి కావు, ఏలికను అడిగేవి. ఈ రెండు లెక్కలను కలిపివేయడం న్యాయం కాదు.

ఏలిక వినయానికి నాలుగు సందర్భాలలో పరీక్ష జరుగుతుంది: ఆపదకు ముందు, ఆపద వచ్చిన ఘడియలో, ఆపద గడచిన తరువాత, నిరపరాధులకు అన్యాయం జరిగినప్పుడు. ఒక్కొక్కదానికి చరిత్రలో జరిగిన ఉదాహరణలను తీసికొని పరిశీలిద్దాము.

మొదటిది ఆపదకు ముందు. హెచ్చరికను వినడానికి వినయం కావలె. 2019 ఏప్రిల్ 21న, ఈస్టర్ పండుగనాడు, శ్రీలంకలో మూడు చర్చిలలోను, మూడు పెద్ద హోటళ్ళలోను ఆత్మాహుతి దాడులు జరిగి 260 మందికి పైగా మరణించినారు. అటువంటి దాడి జరుగనున్నదని భారతదేశపు గూఢచారి విభాగం ఏప్రిల్ 4వ తేదీననే శ్రీలంక అధికారులకు తెలియజేసినది. ఆ సమాచారం ఒక కార్యాలయం నుండి ఇంకొక కార్యాలయానికి ఉత్తరాల రూపంలో ప్రయాణం చేసినది. చర్చి వాకిలికి మాత్రం చేరలేదు. నాటి అధ్యక్షుడు మైత్రీపాల సిరిసేనకు, ప్రధాని రనిల్ విక్రమసింఘేకు నడుమ 2018 నుండి తీవ్రమైన వైరం నడుస్తున్నది. భద్రతా మండలి సమావేశాలకు తనను పిలువలేదని ప్రధాని చెప్పినారు; తనకు ఎవరూ తెలుపలేదని అధ్యక్షుడు చెప్పినారు. రక్షణశాఖ ఆ అధ్యక్షుని చేతిలోనే ఉన్నది. ఇద్దరు పెద్దలు మాటలాడుకొనని ఇంట పిల్లలు అగ్నిలో పడినట్లయినది.

2023 జనవరి 12న శ్రీలంక సుప్రీంకోర్టుకు చెందిన ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పినది. సిరిసేన తన స్వంత ధనం నుండి పదికోట్ల శ్రీలంక రూపాయలను బాధితుల సహాయార్థం చెల్లింపవలెనని ఆజ్ఞాపించినది. రక్షణశాఖ మాజీ కార్యదర్శి, మాజీ పోలీసు అధిపతి, గూఢచారి విభాగపు పెద్దలు కూడా తమ తమ చేతిసొమ్ము చెల్లింపవలసినవారైనారు. రాజు తన సొంత ద్రవ్యం నుండి నష్టం పూరింపవలెనన్న కౌటిల్యుని మాట, రెండువేల ఏండ్ల తరువాత, ఒక ఆధునిక న్యాయస్థానపు తీర్పులో మరల వినిపించినట్లున్నది.

మన ఊరి సంగతి కూడా చెప్పుకొందాము. 2013 ఫిబ్రవరి 21 సాయంకాలం హైదరాబాదులోని దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు బాంబులు ప్రేలినవి. దాడి జరుగవచ్చునన్న హెచ్చరికను రెండురోజుల ముందే రాష్ట్రాలకు పంపినామని కేంద్ర హోంమంత్రి చెప్పినారు. అటువంటివి తరచుగా వచ్చే సాధారణమైన హెచ్చరికలేనని రాష్ట్ర ముఖ్యమంత్రి చెప్పినారు. ఇద్దరి మాటలోను నిజం ఉండవచ్చును. కాని బస్టాపు దగ్గర నిలుచుండి ప్రాణం పోగొట్టుకొన్నవానికి కేంద్రం వేరు, రాష్ట్రం వేరు కాదు. అతడికి ఉన్నది ఒక్కటే ప్రభుత్వం. ప్రతినిత్యం పంపే హెచ్చరికకు విలువ లేదని ఉభయులకూ తెలిసియుండగా, ఆ పద్ధతిని మార్చే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు అప్పుడే సమాధానం రావలసి ఉండెను.

రెండవ పరీక్ష ఆపద ఘడియలో. ఆ సమయంలో ప్రజలు పాలకుని మాట కోసం చెవులు రిక్కించి ఉంటారు. తెలియనిది తెలియదని చెప్పగల ధైర్యం అప్పుడే కావలె. 2004 మార్చి 11 ఉదయం స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో నాలుగు రైళ్ళలో పది బాంబులు ప్రేలి 190 మందికి పైగా చనిపోయినారు. మూడు రోజులలో ఎన్నికలు. బాస్క్ ప్రాంతపు వేర్పాటువాద సంస్థ అయిన ఎటాయే దీనికి కారణమని ప్రభుత్వం ఆనాడే ప్రకటించినది. ఐక్యరాజ్యసమితి భద్రతామండలి కూడా ఆ మాట నమ్మి, ఎటా పేరును పేర్కొంటూ ఆరోజుననే తీర్మానం చేసినది. ఆ రోజుననే పోలీసులకు ఒక వ్యాను దొరికినది. అందులో డిటొనేటర్లతోపాటు అరబ్బీ భాషలో ఉన్న ఆడియో టేపు కూడా కనిపించినది. అయినను మంత్రులు మొదటి మాటనే పట్టుకొని వ్రేలాడినారు. 14వ తేదీ ఎన్నికలలో పాలకపక్షం ఓడిపోయినది. ఆ దాడి జిహాదీ ఉగ్రవాదుల పని అని దరాప్తులోను, న్యాయవిచారణలోను తేలినది.

ప్రసారశాఖలో పనిచేసేవారికి ఒక నియమం ఉన్నది. ధ్రువపడని వార్తను చదువరాదు. మరణించినవారి సంఖ్యను ఊహించి చెప్పరాదు. అనుమానాన్ని నిర్ణయంగా పలుకరాదు. వార్త కొంత ఆలస్యమైనా శ్రోత క్షమిస్తాడు. తప్పుడు వార్తను క్షమింపడు. మైక్రోఫోను ముందు కూర్చొనే చిరు ఉద్యోగికి వర్తించే ఈ నియమం, అదే మైక్రోఫోను ముందుకు వచ్చే మంత్రికి ఇంకా ఎక్కువగా వర్తింపవలె. ఏలయన, మంత్రి వేలు చూపిన దిక్కునకు జనం కోపం పరుగెత్తుతుంది. ఆ దిక్కున నిరపరాధులు ఉంటే, వారికి కలిగే హానిని ఎవరు మాన్పగలరు?

మూడవ పరీక్ష ఆపద గడచిన తరువాత. దీనికి నార్వే దేశాన్ని చూడవలె. 2011 జూలై 22న ఒకే ఒక్క తీవ్రవాది ఓస్లో నగరంలో ప్రభుత్వ భవనాల ముందు బాంబు ప్రేల్చి 8 మందిని, పిదప ఉటోయా అనే చిన్న దీవిలో యువజన శిబిరంపై కాల్పులు జరిపి 69 మందిని చంపినాడు. ఆ శిబిరం ప్రధాని యెన్స్ స్టోల్టెన్‌బర్గ్ సొంత పార్టీ యువజన విభాగానిది. సానుభూతి అంతయు ఆయన వైపుననే ఉన్నది. విచారణ లేకుండ గడుపుకొనదలచితే ఎవరూ గట్టిగా అడిగి ఉండేవారు కారు. అయినను ప్రభుత్వం అలెగ్జాండ్రా బెక్ యోర్వ్ అనే న్యాయవాది అధ్యక్షతన స్వతంత్ర సంఘాన్ని నియమించినది.

ఆ సంఘం 2012 ఆగస్టులో ఇచ్చిన నివేదిక ఎవరికీ మినహాయింపు ఇవ్వలేదు. ప్రభుత్వ భవనాల ముందరి వీథిని వాహనాలకు మూసివేయవలెనన్న నిర్ణయం ఏండ్ల తరబడి అమలు కాలేదు. హంతకుని కారు నంబరును ఒక పౌరుడు ఫోనుచేసి తెలిపితే, అది వ్రాసిన చీటీ సుమారు ఇరువది నిమిషాలు బల్లపై పడి ఉన్నది. పోలీసులకున్న ఒక్క హెలికాప్టరు సిబ్బంది సెలవులో ఉన్నారు. దీవికి పోలీసులు ఎక్కిన పడవ బరువు తాళలేక మధ్యలో ఆగిపోయినది. ఉన్న ఏర్పాట్లను సక్రమంగా వాడుకొని ఉంటే నగరంలోని ప్రేలుడును నివారింపగలిగి ఉండేవారని, హంతకుని ఇంకా ముందుగా పట్టుకొనగలిగి ఉండేవారని ఆ సంఘం చెప్పినది. నివేదిక వెలువడిన కొద్దిరోజులకే జాతీయ పోలీసు అధిపతి పదవి విడిచినాడు. ప్రధాని పార్లమెంటు ముందు నిలిచి, అంతిమ బాధ్యత తనదేనని ఒప్పుకొని, క్షమాపణ చెప్పినారు. మరుసటి సంవత్సరం ఎన్నికలలో ఆయన ప్రభుత్వం ఓడినది. ఓడినంత మాత్రాన ఆయన చేసినది పొరపాటు కాదు. లెక్క చెప్పేది మరల గెలవడానికి కాదు, చెప్పవలసి ఉన్నందువలన.

ఇక మనదేశంలో. 2008 నవంబరు 26 రాత్రి సముద్రమార్గాన వచ్చిన పదిమంది ఉగ్రవాదులు ముంబయి నగరంలో 166 మందిని పొట్టన పెట్టుకొన్నారు. నాలుగు రోజులలో కేంద్ర హోంమంత్రి శివరాజ్ పాటిల్ రాజీనామా చేసినారు. పెద్ద నగరాలలో ఇటువంటి చిన్న సంఘటనలు జరుగుతుంటవన్న అర్థం వచ్చేటట్లు మాట్లాడిన మహారాష్ట్ర హోంమంత్రి ఆర్.ఆర్. పాటిల్, ఆపైన ముఖ్యమంత్రి విలాస్‌రావ్ దేశ్‌ముఖ్ పదవులు వదలినారు. డిసెంబరు 11న ప్రధాని మన్మోహన్ సింగ్ లోక్‌సభలో, ఈ ఘోరాన్ని నివారింపలేకపోయినందుకు ప్రభుత్వం పక్షాన దేశప్రజలను క్షమాపణ కోరినారు. ఇది మన పార్లమెంటు చరిత్రలో గౌరవంగా గుర్తుంచుకొనవలసిన మాట. ఆ సంవత్సరాంతానికి జాతీయ దర్యాప్తు సంస్థను నెలకొల్పే చట్టం వచ్చినది. జాతీయ భద్రతా దళం ఢిల్లీ సమీపం నుండి ముంబయి చేరడానికి రాత్రంతా పట్టినదన్న పాఠం నేర్చుకొని, 2009లో హైదరాబాదుతో సహా నాలుగు నగరాలలో ఆ దళానికి స్థావరాలు ఏర్పడినవి. లోపాన్ని ఒప్పుకొన్నచోటనే దిద్దుబాటు మొదలైనదని గమనింపవలె.

కాని ఒక కొరత మిగిలినది. మహారాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఇద్దరు సభ్యుల సంఘం రాష్ట్ర పోలీసు వ్యవస్థను మాత్రమే పరిశీలించినది. కేంద్ర గూఢచారి సంస్థలు, తీరరక్షణ, సమాచార వినిమయం వీటన్నిటినీ ఒకచోట చేర్చి, జరిగినది జరిగినట్లు ప్రజలముందు పెట్టే జాతీయ విచారణ జరుగలేదు. పదవి విడిచిన రాష్ట్ర హోంమంత్రి ఏడాది తిరిగేసరికి అదే శాఖకు మరల వచ్చినారు. రాజీనామా ఉన్నతమైన ఆచారమే. కాని అది లెక్కకు బదులు కాదు. దుకాణంలో గుమాస్తా మారినంతమాత్రాన పద్దులు సరిపోవు. పుస్తకాలు తెరచి చూడవలె.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపినారు. మృతులలో మన తెలుగువారూ ఉన్నారు. ఆ జూలైలో జమ్మూ కాశ్మీర్ లెఫ్టినెంట్ గవర్నరు మనోజ్ సిన్హా, అది భద్రతాలోపమేనని అంగీకరించి పూర్తి బాధ్యత తనదని చెప్పినారు. ఇట్టి మాట వినబడడం మంచిదే. అటువంటి అంగీకారం తరువాత, ఏ లోపం, ఎక్కడ, ఎందువలన అన్న వివరం కూడా రావలె. అప్పుడే దిద్దుబాటుకు దారి ఏర్పడుతుంది.

నాలుగవ పరీక్ష అన్నిటికంటె కఠినమైనది. ఉగ్రవాదాన్ని అణచే ప్రయత్నంలో రాజ్యమే నిరపరాధులకు అన్యాయం చేసినప్పుడు ఏలిక ఏమి చేయవలె? 1972 జనవరి 30న ఉత్తర ఐర్లండులోని డెర్రీ పట్టణంలో పౌరహక్కుల ఊరేగింపుపై బ్రిటిష్ సైనికులు కాల్పులు జరిపినారు. 13 మంది ఆనాడే చనిపోయినారు. గాయపడిన మరొకరు తరువాత మరణించినారు. వెంటనే జరిపిన విచారణ సైనికుల పక్షాన్నే సమర్థించినది. ఫలితమేమి? ప్రభుత్వం ఏ సాయుధ సంస్థను అణచదలచినదో, ఆ సంస్థలో చేరడానికి యువకులు బారులు తీరినారు. 1998లో నియమితమైన రెండవ విచారణ పన్నెండేండ్లు సాగి, మృతులు నిరపరాధులని తేల్చినది. 2010 జూన్ 15న ప్రధాని డేవిడ్ కామెరాన్ పార్లమెంటులో, ఆ కాల్పులను ఏ విధంగానూ సమర్థింప వీలులేదని చెప్పి, ప్రభుత్వం పక్షాన, దేశం పక్షాన విచారం ప్రకటించినారు. ఆ ఘోరం జరిగిననాటికి ఆయన అయిదేండ్ల బాలుడు. అయినను, “ఇది నా కాలంలో జరుగలేదు” అని తప్పుకొనలేదు. ఆ మాటలను డెర్రీ పట్టణపు కూడలిలో చేరిన జనం విని కరతాళధ్వనులు చేసినారు. ముప్పది ఎనిమిదేండ్లు తుపాకులు తేలేని ఊరటను ఒక్క సత్యవాక్యం తెచ్చినది.

మన హైదరాబాదులో 2007 మే 18న మక్కా మసీదులో బాంబు ప్రేలినది. ఆ తరువాత నగరంలోని పలువురు ముస్లిం యువకులను పోలీసులు నిర్బంధించినారు. వారిపై మోపిన కేసులు న్యాయస్థానంలో నిలువలేదు. తాము చిత్రహింసలకు గురి అయినామని వారు మొరపెట్టుకొన్నారు. జాతీయ మైనారిటీల కమిషన్ సిఫారసుపై నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వారికి పరిహారం ఇవ్వ నిశ్చయించినది. ప్రభుత్వం తన చేతి తప్పును దిద్దుకొనడానికి ముందుకు రావడం మెచ్చదగినదే. కాని 2013లో హైకోర్టు ఆ చెల్లింపులకు చట్టం ఆధారం లేదని కొట్టివేసినది. 2018లో ఆ ప్రేలుడు కేసులో విచారణ ఎదుర్కొన్న నిందితులందరూ నిర్దోషులుగా విడుదలైనారు. మసీదులో ప్రాణాలు పోగొట్టుకొన్నవారి కుటుంబాలకు నేరస్థుడెవరో తెలియలేదు. చెరలో యౌవనం కోల్పోయినవారికి నిలుకడైన పరిహారం దొరకలేదు. తప్పుగా నిర్బంధింపబడినవారికి పరిహారం మంత్రుల దయాధర్మంగా కాక, చట్టం ఇచ్చే హక్కుగా ఉండవలసిన అవసరాన్ని ఈ ఉదంతం చాటుతున్నది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినిపిస్తుంది. “లోపాలను బహిరంగంగా చెప్పుకొంటే శత్రువు సంతోషింపడా? రక్షణ రహస్యాలు బయటపడవా? అహోరాత్రులు శ్రమించే అధికారుల మనోబలం క్రుంగదా?” ఇది త్రోసిపుచ్చదగిన ఆక్షేపణ కాదు. గూఢచారి విభాగం పది దాడులను ఆపితే అవి వార్తలకెక్కవు. పదునొకండవది జరిగితే నింద వస్తుంది. ప్రతి దాడిని ఎవరో ఒకరి అపరాధంగా భావించడం అన్యాయం. కొన్ని వివరాలను గోప్యంగా ఉంచక తప్పదు కూడా. కాని శత్రువుకు మన లోపాలు ముందే తెలుసును. తెలిసే కదా అతడు ఆ త్రోవన వచ్చినాడు! తెలియనివారు మన పౌరులే. ఇక అధికారుల మనోబలాన్ని క్రుంగదీసేది విచారణ కాదు. పైవారి తప్పును క్రిందివారిపై నెట్టే అలవాటు. ఆడలేక మద్దెల ఓడన్నట్లు, నాయకుడు ఠాణాలోని ఇన్‌స్పెక్టరును సస్పెండు చేసి చేతులు కడుగుకొంటే, ఆ మరునాటి నుండి ఏ ఉద్యోగి నిర్భయంగా నివేదిక వ్రాయగలడు?

విచారణ పార్టీల కలహంగా మారుతుందన్న భయానికి కూడా సమాధానం ఉన్నది. 2001 సెప్టెంబరు 11 దాడులపై అమెరికాలో ఏర్పడిన కమిషన్‌లో అయిదుగురు ఒక పార్టీవారు, అయిదుగురు ఇంకొక పార్టీవారు. ఎన్నికల సంవత్సరమైన 2004 జూలైలో ఆ పదిమంది ఏకగ్రీవంగా నివేదిక ఇచ్చినారు. ఆ విచారణలో సాక్ష్యం చెప్పిన రిచర్డ్ క్లార్క్ అనే ఉన్నతాధికారి, ప్రభుత్వం విఫలమైనది, నేనూ విఫలుడనైనాను అంటూ మృతుల బంధువులను క్షమాపణ వేడినాడు. ఆ సభామందిరంలో అతడిని మొదట అభినందించినవారు ఆ బంధువులే. పోయిన ప్రాణం తిరిగి రాదని వారికి తెలుసు. వారు అడిగినది నిజం మాత్రమే.

ఇప్పుడు కావలసినవి గొప్ప సంస్కరణలు కావు. ప్రతి పెద్ద దాడి తరువాత అధికార ప్రతిపక్షాలకు సమ్మతమైన ఒక స్వతంత్ర సంఘం నియమితం కావలె. దాని నివేదికను, గోప్యమైన భాగాలు తప్ప, గడువులోగా చట్టసభ ముందు ఉంచవలె. సిఫారసులలో ఎన్ని అమలు జరిగినవో ఏటేట చెప్పవలె. ఇవన్నీ అడగడం పౌరుల ధర్మం. ఎన్నికల సభలలో ఛాతి చరచుకొనే నాయకునికి చప్పట్లు కొట్టి, తప్పు ఒప్పుకొన్న నాయకుని పిరికివాడని వెక్కిరించే ప్రజలకు వినయం గల నాయకులు దొరకరు.

దాడి జరిగిననాడు హంతకుని చేతిలో తుపాకి ఉంటుంది. దాడి జరిగిన మరునాడు ఏలిక చేతిలో ఒక మాట ఉంటుంది. “ఇంతవరకు మాకు తెలిసినది ఇది, మేము చేయలేకపోయినది ఇది, ఇకముందు చేయబోయేది ఇది” అని ఆ ఏలిక చెప్పగలిగిన దేశంలో, శత్రువు భవనాలను కూల్చవచ్చునే గాని, ప్రజల నమ్మకాన్ని కూల్చలేడు.